అమ్మ ఎడమ చెయ్యి ఊహకు రావడం లేదు: చేతి కదలికను ఊహించేది మెదడులో ఏ సగం?

వీణమెట్లు
శుక్రవారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. మాది కోడంబాక్కం. అమ్మకి 63 ఏళ్లు, ముప్పై ఏళ్లకు పైగా ఇంట్లోనే పిల్లలకి వీణ నేర్పుతోంది. నాలుగు నెలల క్రితం మెదడు కుడి వైపు స్ట్రోక్ వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. దేవుడి దయవల్ల మాట పోలేదు, నడక దాదాపు తిరిగొచ్చింది. చెయ్యి భుజం దాకా లేస్తోంది. వేళ్లు ముడుచుకుంటాయి కానీ తెరుచుకోవడానికి చాలా సేపు పడుతోంది.

రోజూ పావుగంట కళ్లు మూసుకుని ఆ చెయ్యి కదులుతున్నట్టు ఊహించుకోమని ఫిజియోథెరపిస్టు చెప్పారు. అమ్మ శ్రద్ధగా కూర్చుంటోంది. నిన్న మాత్రం ఒక మాట అంది: "కుడి చెయ్యి తలుచుకుంటే గోరుకి తీగ తగిలినట్టు కూడా తెలుస్తోందిరా. ఎడమ చెయ్యి తలుచుకుంటే ఎవరిదో చెయ్యి దూరంగా కనిపిస్తోంది." వీణలో గమకమంతా ఎడమ చేతిదే. ఆ చెయ్యే ఎవరిదో అయిపోయిందంటే నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

చేతి కదలికను ఊహించడం అనే పని మెదడులో ఏ సగంలో జరుగుతుంది? దెబ్బ తిన్న సగమే ఆ పని చేయాలంటే అమ్మ కూర్చుని ఊహించడం వృథా శ్రమ కాదా? తెలిసినవాళ్లు చెప్పండి.

అడయార్_పిన్ని
శుక్రవారం, రాత్రి 10:15

బాబూ, అమ్మగారు త్వరగా కోలుకోవాలి. ఎడమ మెదడు లెక్కలకి, కుడి మెదడు ఊహలకి అని మా అబ్బాయి స్కూల్లో ఏదో చెప్పారట. అమ్మగారికి కుడి వైపే దెబ్బ తగిలింది కాబట్టి ఊహించే శక్తి తగ్గిందేమో. డాక్టరుగారిని అడిగి చూడండి.

వేళచ్చేరి_ఫిజియో
శనివారం, ఉదయం 6:40

పిన్నిగారూ, ఆ లెక్కలు-ఊహలు విభజన చాలామంది నోట వినిపిస్తుంది కానీ అది నిజం కాదండీ. ముఖ్యంగా చేతి కదలికను ఊహించే విషయంలో అస్సలు కాదు. వీణమెట్లు గారు దాన్ని మనసులో పెట్టుకుని దిగులు పడకూడదని పొద్దున్నే రాస్తున్నాను.

పదకొండేళ్లుగా స్ట్రోక్ వచ్చినవాళ్లతోనే పని చేస్తున్నాను. చెయ్యి కదపడానికి మెదడు వాడే ఏర్పాటులో చాలా భాగాన్నే, కదపకుండా ఊహించడానికి కూడా వాడుతుంది. నుదుటికి వెనక కదలికను ముందుగా సిద్ధం చేసే భాగాలు, నడినెత్తికి కాస్త వెనకగా ఉండే పెరైటల్ భాగం, లోపల బేసల్ గాంగ్లియా, వెనక చిన్నమెదడు, ఇవన్నీ పాల్గొంటాయి. ఇవి రెండు సగాల్లోనూ ఉన్నాయి. ఒక సగం దెబ్బ తింటే ఈ బృందంలో కొందరు లేకుండా పోతారు, బృందం మొత్తం పోదు.

కండరాలకి ఆజ్ఞ తీసుకెళ్లే నరాల పోగుల్లో నూటికి ఎనభై అయిదు నుంచి తొంభై దాకా మెదడు అడుగున, వెన్నుపాము మొదలయ్యే చోట అటు నుంచి ఇటు దాటుతాయి. కుడి మెదడు ఎడమ చేతిని నడిపేది అందుకే. ఊహలో కూడా ఆ అడ్డదారి చాలావరకు అలాగే ఉంటుంది, కానీ అంత కచ్చితంగా కాదు. మీ అమ్మగారికి ఆసరా ఉన్నది ఆ "అంత కచ్చితంగా కాదు" అన్న చోటే. సాయంత్రం తీరిగ్గా రాస్తాను.

తరమణి_తరంగాలు
శనివారం, ఉదయం 11:05

నేను ఈఈజీ మీద, అంటే తల మీద నుంచి మెదడు విద్యుత్తును కొలిచే పద్ధతి మీద, పీహెచ్‌డీ చేస్తున్నాను. మా గదిలో రోజూ జరిగేది చెబుతాను, దీనికి పనికొస్తుంది.

తలకి ఎలక్ట్రోడ్లున్న టోపీ పెట్టి, ఒక్కో దాని కింద జెల్ వేసి, తెర మీద బాణం గుర్తు చూపిస్తాం. బాణం కుడికి ఉంటే కుడి పిడికిలి బిగిస్తున్నట్టు, ఎడమకి ఉంటే ఎడమ పిడికిలి బిగిస్తున్నట్టు ఊహించాలి. చెయ్యి కదలకూడదు. ఊరికే కూర్చున్నప్పుడు చేతుల తాలూకు భాగాల మీద సెకనుకి 8 నుంచి 13 సార్లు కొట్టుకునే ఒక లయ ఉంటుంది, దాన్ని మ్యూ లయ అంటారు. కుడి చేతిని ఊహించగానే ఎడమ వైపున్న సీ3 అనే ఎలక్ట్రోడ్ దగ్గర ఆ లయ పడిపోతుంది. ఎడమ చేతిని ఊహిస్తే కుడి వైపున్న సీ4 దగ్గర. ఆస్ట్రియాలో గ్రాట్స్ ఊళ్లో ఫుర్ట్‌షెల్లర్ బృందం 1990ల్లోనే దీన్ని చూపించి, దాని మీదే ఆలోచనతో కంప్యూటర్ని నడిపే పద్ధతులు కట్టింది.

అమ్మగారు "ఎవరిదో చెయ్యి దూరంగా కనిపిస్తోంది" అన్నారు చూడండి, ఆ మాట చదవగానే నేను ఆగిపోయాను. కొత్తగా వచ్చినవాళ్లకి మేం మొదట చెప్పేది ఇదే: చేతిని బయటి నుంచి సినిమాలా చూడకండి, లోపలి నుంచి బిగువు తెలిసేలా ఊహించండి. చూసే ఊహ వేరు, చేసే ఊహ వేరు. చూసినట్టు ఊహిస్తే చూపు తాలూకు భాగాలే ఎక్కువ పని చేస్తాయి, సీ3, సీ4 దగ్గర మార్పు బలహీనంగా వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లకి కూడా ఆ తేడా పట్టుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. కాబట్టి అమ్మగారికి ఊహ పోలేదు. కుడి చేతిని చేస్తున్నారు, ఎడమ చేతిని చూస్తున్నారు.

వీణమెట్లు
శనివారం, మధ్యాహ్నం 1:20

"కుడి చేతిని చేస్తున్నారు, ఎడమ చేతిని చూస్తున్నారు." ఈ వాక్యం అమ్మకి చదివి వినిపించాను. "సరిగ్గా అదే, ఆ అమ్మాయికో అబ్బాయికో నా ఆశీస్సులు చెప్పు" అంది.

మాంబలం_మృదంగం
శనివారం, మధ్యాహ్నం 3:00

అన్నా, నేను మృదంగం నేర్చుకుంటున్నాను. తాంబరం నుంచి లోకల్ రైల్లో వచ్చేటప్పుడు కళ్లు మూసుకుని పాఠం మొత్తం చేతులు కదపకుండా వాయించుకుంటాను. వలంతలై, అంటే కుడి ముఖం మీద కుడి చేతి చాపు దెబ్బ స్పష్టంగా వస్తుంది. తొప్పి, అంటే ఎడమ ముఖం మీద ఎడమ చేతి గుమికి నాదం కొంచెం మసకగా వస్తుంది. నాకే జబ్బూ లేదు. ఇలా ఊహించి సాధన చేస్తే నిజంగా ఫలితం ఉంటుందా, లేక నేను నన్ను మభ్యపెట్టుకుంటున్నానా?

వేళచ్చేరి_ఫిజియో
శనివారం, రాత్రి 8:30

ఫలితం ఉంటుంది తమ్ముడూ. 1995లో పాస్కువల్-లియోన్ బృందం పియానో రానివాళ్లకి ఒక చేత్తో వాయించే అయిదు వేళ్ల పాఠం ఇచ్చింది. కొందరు రోజుకి రెండు గంటల చొప్పున అయిదు రోజులు వాయించారు, కొందరు అంతసేపూ పియానో ముందు కూర్చుని ఊహించారు. ఊహించినవాళ్ల మెదడులో కూడా ఆ వేళ్ల తాలూకు చోటు పెరిగింది. అయిదో రోజున వాళ్ల వాయింపు, నిజంగా వాయించినవాళ్ల మూడో రోజు స్థాయిలో ఉంది. ఆ తర్వాత ఒక్క రెండు గంటలు చేత్తో సాధన చేసేసరికి వాళ్లని అందుకున్నారు. అందుకే ఊహని సాధనకి బదులుగా కాకుండా సాధనకి తోడుగా చెబుతాం. నీ రైలు ప్రయాణం వృథా కాదు.

ఇక పొద్దున్న ఆపిన విషయం. తలకి బయటి నుంచి అయస్కాంత స్పందన ఇచ్చి చేతి కండరం ఎంత తేలిగ్గా స్పందిస్తుందో కొలిచే పద్ధతి ఉంది, టీఎంఎస్ అంటారు. 1999లో ఇటలీలో ఫాడిగా బృందం దీనితో ఒక విషయం గమనించింది. కుడి మెదడులో చేతి భాగం, ఎడమ చేతిని ఊహించినప్పుడే చురుగ్గా అయింది. ఎడమ మెదడులో చేతి భాగం మాత్రం కుడి చేతిని ఊహించినా, ఎడమ చేతిని ఊహించినా చురుగ్గా అయింది. అంటే ఎడమ సగం రెండు చేతుల ఊహలోనూ పాలు పంచుకుంటోంది. అమ్మగారికి ఆ ఎడమ సగం క్షేమంగా ఉంది కదా. నేను ఆసరా అన్నది దాన్నే.

పెరంబూర్_పెద్దకొడుకు
శనివారం, రాత్రి 10:45

ఫిజియోగారు చెప్పినది మా ఇంట్లో తిరగేసి చూశాం. నాన్నగారికి రెండేళ్ల క్రితం ఎడమ వైపు స్ట్రోక్. కుడి చెయ్యి పడిపోయింది, అది అందరికీ అర్థమైంది. అర్థం కానిది ఎడమ చెయ్యి. దానికి బలం ఉంది, పట్టు ఉంది. దువ్వెన చేతికిస్తే దాన్ని అటూ ఇటూ తిప్పి, పళ్లు అరచేతి వైపు పెట్టుకుని, దువ్వెన వీపుతో తల మీద తట్టేవారు. "నాన్నా, దువ్వుకున్నట్టు ఊరికే చేసి చూపించు" అంటే చెయ్యి గాల్లో ఆగిపోయేది. కళ్లలో నీళ్లు తిరిగేవి. మొదటి నెల మేము దాన్ని మొండితనం అనుకుని కసిరాం కూడా. ఆ కసురుకోవడం ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

దీనికి అప్రాక్సియా అని పేరుందని తర్వాత చెప్పారు. 1900ల మొదట్లోనే హ్యూగో లీప్‌మన్ అనే జర్మన్ వైద్యుడు, ఎడమ మెదడు దెబ్బ తింటే కుడి చెయ్యే కాదు, పక్షవాతం లేని ఎడమ చెయ్యి కూడా నేర్చిన పనులు మరిచిపోతుందని గమనించాడట. పని ఎలా చేయాలన్న పథకం చాలామందికి ఎడమ సగంలో ఉంటుంది. ఇలాంటి ఇబ్బంది ఉన్న ఇంట్లో ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి వాళ్లని కసరకండి.

అడయార్_పిన్ని
ఆదివారం, ఉదయం 7:10

చదివి కళ్లు చెమర్చాయి బాబూ. నేను రాసిన కుడి మెదడు మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా అబ్బాయికి కూడా చెప్పాను.

గిండీ_ఎడమచేతివాటం
ఆదివారం, ఉదయం 9:30

మరి నాలాంటి ఎడమచేతివాటం వాళ్ల సంగతేమిటి? రాసేదీ, కత్తెర పట్టేదీ అన్నీ ఎడమే. మాకు ఎడమ మెదడు పెత్తనం అలాగే ఉంటుందా, లేక తిరగబడుతుందా?

తరమణి_తరంగాలు
ఆదివారం, ఉదయం 10:20

మంచి ప్రశ్న. 2009లో విలెమ్స్ బృందం, విసరడం లాంటి చేతి పనుల్ని ఊహించమని కుడిచేతివాటం వాళ్లనీ, ఎడమచేతివాటం వాళ్లనీ స్కానర్‌లో పడుకోబెట్టి చూసింది. మొదటివాళ్లకి కదలికను సిద్ధం చేసే భాగాల్లో ఎడమ వైపు, రెండోవాళ్లకి కుడి వైపు ఎక్కువగా పని చేశాయి. ఎవరి శరీరం ఎలా పని చేయడానికి అలవాటు పడిందో వాళ్ల ఊహ కూడా ఆ దారినే నడిచింది. అందుకే మా దగ్గరికి ఎవరు వచ్చినా ముందు ఏ చేతివాటం అని అడిగి రాసుకుంటాం. వీణమెట్లు గారూ, అమ్మగారిది కుడి చేతివాటమే కదా?

వీణమెట్లు
ఆదివారం, ఉదయం 10:40

కుడి చేతివాటమే. ముగ్గు వేసినా, కూర తరిగినా అన్నీ కుడి చేత్తోనే. వీణ దగ్గర మాత్రం "నా పెద్ద చెయ్యి ఎడమది" అనేది.

తరమణి_తరంగాలు
ఆదివారం, ఉదయం 11:50

ఆ మాట చాలా బాగుంది. ఇంకో సంగతి కూడా రాయాలి. ఫిజియోగారు చెప్పిన "ఎడమ సగానికి రెండు చేతులూ తెలుసు" అన్నదానికి ఎదురుగా కనిపించే ప్రయోగం ఒకటి ఉంది.

తీవ్రమైన మూర్ఛలు ఆపడానికి కొందరికి మెదడు రెండు సగాల్ని కలిపే కార్పస్ కలోసం అనే వంతెనని కోసేవారు. దాదాపు 20 కోట్ల నరాల పోగులుండే వంతెన అది. ఇలాంటివాళ్లని పరిశీలించినందుకే రోజర్ స్పెర్రీకి 1981లో నోబెల్ వచ్చింది. 1998లో పార్సన్స్, గజ్జానిగా బృందం ఇలాంటివాళ్లకి చేతి బొమ్మల్ని ఒక్కో సగానికి విడివిడిగా చూపించి, ఇది కుడి చెయ్యా ఎడమ చెయ్యా అని అడిగింది. ఎడమ సగం కుడి చేతి బొమ్మల్ని చక్కగా గుర్తుపట్టింది, ఎడమ చేతి బొమ్మలొస్తే గుడ్డిగా ఏదో ఒకటి చెప్పినట్టే అయింది. కుడి సగం దానికి సరిగ్గా తిరగబడి చేసింది. ఇక్కడ ఎవరి చెయ్యి వాళ్లదే!

ఇది చేతి ఊహకి ఎందుకు పరీక్ష అవుతుందంటే, బొమ్మ కుడిదో ఎడమదో తేల్చడానికి మనకి తెలియకుండానే మన సొంత చేతిని మనసులో ఆ భంగిమలోకి తిప్పి చూసుకుంటాం. మెలిక పడే భంగిమ అయితే నిజంగా తిప్పడానికి పట్టినట్టే తేల్చడానికి కూడా ఎక్కువసేపు పడుతుంది.

నేను దీన్ని ఇలా అర్థం చేసుకున్నాను. చేతి ఆకారం, అది ఒంట్లో ఉన్నట్టు తెలియడం అవతలి సగానికి బాగా దగ్గర. నేర్చిన పని పథకం వేయడంలో ఎడమ సగం రెండు చేతులకీ సాయపడుతుంది. వంతెన బాగుంటే రెండూ కలిసి నడుస్తాయి, కోసేస్తే విడివిడిగా బయటపడతాయి. అమ్మగారికి వంతెన ఉంది, పథకం ఉంది. "ఇది నాది" అన్న ఎరుకే సన్నబడింది.

వేళచ్చేరి_ఫిజియో
ఆదివారం, రాత్రి 9:00

తరంగాలు గారు చెప్పిన బొమ్మల పరీక్షని మేము చికిత్సలో కూడా వాడతాం. వీణమెట్లు గారూ, మీ చేతుల ఫోటోలే రకరకాల కోణాల్లో ఓ ఇరవై తీసి అమ్మగారికి చూపించండి. ఇంకొకటి: పిడికిలి అయిదుసార్లు మూసి తెరవడానికి నిజంగా ఎంతసేపు, ఊహలో ఎంతసేపు పడుతోందో ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి రాయండి. ఒంట్లో బాగున్నవాళ్లకి ఈ రెండూ దగ్గర దగ్గరగా ఉంటాయి. చేతిలో నొప్పి, వాపు ఉంటే మాత్రం ఏదీ చేయకండి, నాకు ముందు చెప్పండి. నొప్పి ఉన్న చేతికి ఊహించడం వల్ల కూడా నొప్పి పెరగొచ్చు.

వీణమెట్లు
మంగళవారం, రాత్రి 8:15

నొప్పి, వాపు లేవు. రెండూ చేశాం.

ఫోటోలు చూస్తున్నంతసేపూ నేను అమ్మ భుజాల్నే చూశాను. కుడి చేతి ఫోటో రాగానే కుడి భుజం ఇంతే, ఒక ధాన్యం గింజంత కదిలేది, వెంటనే "కుడి" అనేది. ఎడమ చేతి ఫోటో, అరచెయ్యి పైకి, వేళ్లు తన వైపు తిరిగి ఉన్నది వచ్చినప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన కుడి చేతిని గాల్లోకి లేపి తిప్పి చూసుకుని, "ఇది కాదు, కాబట్టి ఎడమ" అంది. పదిలో ఏడు అలాగే తేల్చింది.

పిడికిలి లెక్క: కుడి చెయ్యి నిజంగా 9 సెకన్లు, ఊహలో 8. ఎడమ చెయ్యి నిజంగా 46 సెకన్లు, ఊహలో 9. ఈ 9 చూసి సంతోషపడాలో భయపడాలో తెలియలేదు.

వేళచ్చేరి_ఫిజియో
మంగళవారం, రాత్రి 9:40

భయం వద్దు. 1996లో సిరిగు బృందం వేళ్ల కదలికలతో ఇలాంటి కొలతలే తీసింది. కదలిక ఆజ్ఞ ఇచ్చే భాగం దెబ్బ తిన్న మనిషికి చెయ్యి నెమ్మదించింది, ఊహ కూడా అంతే నెమ్మదించి రెండూ కలిశాయి. పెరైటల్ భాగం దెబ్బ తిన్నవాళ్లకి ఆ పొంతన పోయింది, ఊహలో వచ్చిన కాలానికీ చేతికి పట్టిన కాలానికీ సంబంధం లేదు. చెయ్యి ఇప్పుడు ఎలా ఉందో ఎప్పటికప్పుడు లెక్క చూసుకోవడంలో పెరైటల్ భాగానిది పెద్ద పాత్ర. అయితే స్టాప్‌వాచ్ చూసి ఏ భాగం దెబ్బ తిందో నేను చెప్పను, అది స్కాన్ చూసిన డాక్టరుగారు చెప్పాలి.

మీ అమ్మగారి 9 సెకన్లు చూస్తే నాకు తోచేది ఒకటే. ఆమె ఊహలో ఉన్నది నాలుగు నెలల కిందటి చెయ్యి. ఇవాళ్టి చేతిని ఊహించమనండి. బరువుగా, నెమ్మదిగా, ఎక్కడ ఆగుతోందో అక్కడ ఆగుతూ. ముందు నిజంగా ఒక్కసారి మూసి తెరిచి, ఆ స్పర్శ ఆరకముందే కళ్లు మూసుకోమనండి.

పెరంబూర్_పెద్దకొడుకు
మంగళవారం, రాత్రి 10:30

అద్దం పద్ధతి కూడా అడగండి. మన స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివిన వి.ఎస్. రామచంద్రన్ గారు 1990ల్లో, చెయ్యి తీసేసినవాళ్లకి లేని చేతిలో వచ్చే నొప్పి కోసం మొదలుపెట్టింది అది. మంచి చెయ్యి అద్దంలో రెండో చెయ్యిలా కనిపిస్తుంది. నాన్నగారికి మామూలు నిలువుటద్దాన్నే బల్ల మీద అడ్డంగా పెట్టి చేయించారు.

వేళచ్చేరి_ఫిజియో
బుధవారం, ఉదయం 6:30

చేయవచ్చు. మా క్రమంలో ముందు ఫోటోలు, తర్వాత ఊహ, ఆ తర్వాత అద్దం. ఫోటోల్లో ఎడమ చేతిని కుడి చేతి సాయం లేకుండా తేల్చగలిగాక అద్దానికి వెళదాం.

వీణమెట్లు
శనివారం, రాత్రి 9:20

మూడు వారాలు దాటింది, రాయడం ఆలస్యమైంది, మన్నించండి.

అమ్మ పిడికిలి దగ్గర విసిగిపోయింది. "నా చేతికి పిడికిలి ఏం తెలుసు, మెట్లు తెలుసు" అని వీణ తెప్పించుకుంది. ఎడమ చెయ్యి నేను దండి కింద నుంచి తెచ్చి చూపుడు వేలు, మధ్య వేలు ఇత్తడి మెట్టు మీద ఆనించాను. మొదట చల్లగా ఉంది అంది. ఆ చల్లదనం ఆరకముందే చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. మాయామాళవగౌళలో మొదటి సరళి, ఒక్కో స్వరం ఇవాళ్టి చెయ్యి ఎంత ఆలస్యంగా జరుగుతుందో అంత ఆలస్యంగా. మధ్యలో కనుబొమలు ముడిచి, "గాంధారం దగ్గర వేలు జారింది" అని మళ్లీ షడ్జమం నుంచి మొదలుపెట్టింది. ఊహలో జారిన వేలు! నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను.

పిడికిలి లెక్క నిన్నటిది: ఎడమ చెయ్యి నిజంగా 38 సెకన్లు, ఊహలో 31. ఫోటోల్లో పదికి అయిదు కుడి చెయ్యి లేపకుండా చెప్పింది. ఎవరిదో చెయ్యి అన్న మాట ఎలా ఉందని అడిగితే, "మణికట్టు దాకా నాదే. వేళ్లు ఇంకా పొరుగింటివాళ్లవి" అంది. అద్దం సోమవారం మొదలుపెడతాం.

రేపు సాయంత్రం శిష్యురాలు ఒకమ్మాయి వస్తానంది. మెట్లు ఆ పిల్ల నొక్కుతుందట, మీటు అమ్మ వేస్తుందట. ఇద్దరికీ పక్కపక్కన చోటు చాలాలని ఇప్పుడే హాల్లో చాప పరిచాను.